కార్గిల్ దినం నాడు మా పిల్లల్ని ఎందుకు పిలుస్తున్నారు? అధికారులకు ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మండల విద్యాశాఖాధికారులకు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారికి, ప్రాథమిక పాఠశాలల హెడ్మాష్టర్లకు, మాజీ సైనికుల సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను ఉత్తరాంధ్రలో ఒక పల్లెటూరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతున్న పిల్లాడి తల్లిని. అదే బడి తల్లిదండ్రుల కమిటీలో సభ్యురాలిని. మా నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. జిల్లా పేరు, మండలం పేరు, బడి పేరు ఈ లేఖలో రాయడం లేదు. ఇలాంటి విషయం పేర్లతో బయటికొస్తే ముందుగా మెమో అందుకునేది మా హెడ్మాష్టారే. జరిగినదాంట్లో ఆయన తప్పు రవ్వంత కూడా లేదు. పైనుంచి వచ్చిన మాట ఆయన పాటించారు, అంతే.

కిందటి జూలై 26న కార్గిల్ విజయ దివస్ సందర్భంగా జిల్లా కేంద్రంలోని అమరవీరుల స్తూపం దగ్గర జరిగిన నివాళి కార్యక్రమానికి మా బడి పిల్లల్ని తీసుకెళ్లారు. అక్కడ జరిగినది వివరంగా రాసి మండల ఆఫీసులో ఇచ్చాం. తర్వాత సోమవారం గ్రీవెన్స్‌లో కమిటీ తరఫున అర్జీ పెట్టాం. కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైందని. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. వెళ్లి అడిగితే ఒక ఉద్యోగి నోటిమాటగా అన్నారు: "మీకు ఇబ్బందిగా ఉంటే వచ్చే ఏడు నుంచి ప్రైమరీ పిల్లల్ని పిలవకుండా చూస్తాంలెండి."

ఆ మాట విన్నాకే ఇలా అందరికీ తెలిసేలా రాయాలనుకున్నాను. మేం అడిగింది అది కాదు. పిల్లల్ని ఆ స్తూపం దగ్గరికి తీసుకెళ్లాలి. తప్పకుండా తీసుకెళ్లాలి. మా వైపు ఊళ్లలో తెల్లారగట్ల రోడ్డు మీదికి వస్తే ఆర్మీ సెలెక్షన్ల కోసం పరుగులు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. వీధికొక మిలటరీ ఇల్లు ఉంటుంది. అలాంటి చోట పుట్టిన పిల్లలకు ఆ రాతి మీద ఉన్న పేర్లు ఎవరివో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాయి? మా బాధంతా తీసుకెళ్లిన తీరు గురించే.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. నేను పిల్లలతోనే ఉన్నాను కాబట్టి కళ్లారా చూసినదే రాస్తున్నాను.

ముందురోజు రాత్రి భోజనాల వేళకు హెడ్మాష్టారి వాట్సాప్‌కు మెసేజ్ వచ్చింది. ప్రతి బడి నుంచి నలభై మంది పిల్లలు, యూనిఫాంలో, ఉదయం ఎనిమిదిన్నరకల్లా స్తూపం దగ్గర ఉండాలి. మా బడిలో ఉన్నదే యాభై రెండు మంది. నలభై కావాలంటే ఒకటి, రెండు తరగతుల పిల్లల్నీ ఎక్కించక తప్పదు. బస్సు ఎవరు పెడతారో మెసేజ్‌లో లేదు. మాష్టారు సొంత డబ్బుతో నాలుగు ఆటోలు మాట్లాడారు. ఒక్కో ఆటోలో పదేసి మంది పిల్లలు, ముందు డ్రైవరు పక్కన ఇద్దరు. హైవే మీద ఇరవై కిలోమీటర్లు. ఆ దారంతా నేను ఒక ఒకటో తరగతి పాపను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఎనిమిదిన్నరకు చేరాం. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండు కావొచ్చింది. రాత్రి వాన పడి ఉదయం ఎండ కాస్తే మా వైపు ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అంతసేపూ పిల్లలు రోడ్డుకు రెండు పక్కలా వరసగా నిలబడ్డారు. చేతికి కాగితం జెండాలిచ్చారు. కారు రాగానే ఊపాలన్నారు, నినాదాలు అక్కడికక్కడే నేర్పించారు. వేదిక మీదున్నవాళ్ల ముందు నీళ్ల సీసాలున్నాయి, పిల్లలున్న వైపు నీళ్లు లేవు. ఆడపిల్లలు బాత్రూమ్‌కు వెళ్లాలంటే మా టీచరమ్మ ఎదురింటి తలుపు కొట్టి బతిమాలాల్సి వచ్చింది. రెండో తరగతి పిల్ల ఒకతి కళ్లు తిరిగి పడిపోయింది. పక్క కిరాణా కొట్టాయన షట్టర్ కింద నీడలో పడుకోబెట్టి గ్లూకోజ్ నీళ్లు పట్టారు. ఆయనకు ఈ లేఖలోనైనా కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

కార్యక్రమం మొదలయ్యాక పిల్లల్ని తాడు వెనక్కి నెట్టారు. వాళ్ల ముందు ఫోటోలు తీసేవాళ్లు, వాళ్ల ముందు నాయకుల వెంట వచ్చినవాళ్లు. మూడడుగుల పిల్లలకు కనిపించినవి పెద్దవాళ్ల వీపులే. మా వాడు, ఇంకో ఇద్దరు తాడు కింద నుంచి దూరి చూశారు. వాళ్లకు కనిపించింది ఒక్కటే దృశ్యం. గార్డు జవాన్లు తుపాకుల్ని తలకిందులు చేసి, వాటి మీద చేతులు పెట్టి తలలు వంచారు. "అమ్మా, తుపాకులు ఎందుకు తిరగేశారు?" అని మా వాడు గట్టిగానే అడిగాడు. నేను చెప్పేలోపే ఎవరో "ష్" అన్నారు.

ఆ తర్వాత బ్యూగిల్ ఊదారు. రెండు నిమిషాలు మౌనం. ఆ మౌనం సంగతి పిల్లలెవరికీ ముందు చెప్పలేదు. బ్యూగిల్ ఆగగానే మా బడి నాలుగో తరగతి పిల్లాడు చప్పట్లు కొట్టాడు. బడిలో ఎవరైనా పాట పాడితే చప్పట్లు కొట్టమని వాళ్లకు మనమే నేర్పాం. వాడు అదే చేశాడు. ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి వెనక్కి తిరిగి కళ్లెర్రజేశారు. ఇంకొకరు వచ్చి వాడి చెవి మెలిపెట్టి పక్కకు లాక్కెళ్లారు. ఆ పిల్లాడు ఆ తర్వాత రెండు రోజులు బడికి రాలేదు.

ఇదీ జరిగింది. దీనివల్ల మాలాంటి మామూలు కుటుంబాలకు ఏమవుతోందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. పిల్లలు ఏమీ తెలుసుకోకుండానే తిరిగొచ్చారు. మర్నాడు బడిలో టీచరమ్మ అడిగితే ఎక్కువమంది "మీటింగుకెళ్లాం" అన్నారు. ఒకరు "కారు చూశాం" అన్నారు. కార్గిల్ ఎక్కడుందో, అక్కడేం జరిగిందో ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. 1999 మే నుంచి జూలై దాకా ఆ మంచుకొండల మీద జరిగిన యుద్ధంలో మనవాళ్లు 527 మంది ప్రాణాలిచ్చారు. నిలబడటానికే ఊపిరందని ఎత్తులో, పైనుంచి గుళ్లు కురుస్తుంటే రాత్రిపూట రాళ్లు పట్టుకుని పైకెక్కారు. ఇది తొమ్మిదేళ్ల పిల్లాడికి చెప్పలేనంత కష్టమైన కథేమీ కాదు. హైదరాబాద్‌లో పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్ 28న కార్గిల్ ప్రాంతంలోని ద్రాస్‌లో నేలకొరిగారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. కొండల మీద నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, కడుపుతో ఉన్న తన భార్యకు రోజుకొక మహాభారత కథ చెప్పమని ఆయన కోరారు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. కూతురు ఆయన పోయాకే పుట్టింది. ఆ ఉత్తరం సంగతి బడిలో పది నిమిషాలు చెప్పి, ఆ తర్వాత పిల్లల్ని స్తూపం దగ్గరికి తీసుకెళ్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

2. చెవి మెలిపెట్టించుకున్న పిల్లాడికి ఇకమీదట స్తూపం అంటే గుర్తొచ్చేది ఆ అవమానమే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడి గోడల బయటైతే ఫర్వాలేదని ఆ చట్టం చెప్పలేదు. తెలియని పిల్లాడిని ఆ స్థలంలోనే నొప్పించి మనం నేర్పేదేమిటి? ఆ రాతి మీద పేరున్న జవాన్లలో ఏ ఒక్కరైనా దీనికి ఒప్పుకునేవారా?

3. ఆ రోజు బడి మూతపడింది. మాది ఇద్దరు టీచర్ల బడి. ఇద్దరూ పిల్లల వెంట వెళ్లక తప్పలేదు, మిగిలిన పన్నెండు మందీ ఇంటికెళ్లిపోయారు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని అదే చట్టం చెబుతోంది. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడొద్దని 27వ సెక్షన్ చెబుతోంది. చదువులో భాగంగా తీసుకెళ్తే అది బోధనే, మేమెవరం అడ్డుచెప్పం. రోడ్డు పక్కన దాదాపు రెండున్నర గంటలు నిలబెట్టడం ఏ పాఠం కిందికి వస్తుంది?

4. మధ్యాహ్న భోజనం పోయింది. పిల్లలు తిరిగొచ్చేసరికి రెండున్నర దాటింది. అక్కడ ఇచ్చింది తలా ఒక బిస్కెట్ ప్యాకెట్. మా బడిలో చాలామంది తల్లులు పొద్దున్నే ఉపాధి పనికో కూలికో వెళ్తారు. పిల్లలకు రోజు మొత్తంలో కడుపునిండా దొరికేది బడి భోజనమే. పెద్దవాళ్లకు ఇది చిన్న సంగతిలా అనిపించొచ్చు, ఆ ఇళ్లలో కాదు.

5. ఆటోల సంగతి. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఏమైనా జరిగి ఉంటే సస్పెండయ్యేది మా మాష్టారు, జైలుకెళ్లేది ఆటో డ్రైవరు. రాత్రి మెసేజ్ పెట్టినవారి పేరు ఎక్కడా కనిపించేది కాదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అదే ఏడాది జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొంది. ఆ వార్తలు చూసి గుండెలు బాదుకున్న తల్లిదండ్రులమే మేమందరం. పిల్లల్ని పంపమంటే పంపుతాం. ఎవరి బాధ్యత మీద పంపుతున్నామో ముందుగా కాగితం మీద చెప్పండి.

6. సైనిక కుటుంబాలను వెనక్కి నెట్టేశారు. ఇది రాయడానికి నాకు ఎక్కువ కష్టంగా ఉంది. సన్మానం చేస్తామని పిలిచిన ఒక వీరనారి, భర్తను సరిహద్దులో పోగొట్టుకున్న మనిషి, నాలుగో వరసలో ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె మనవరాలు మా పిల్లల వరసలోనే ఎండలో నిలబడి ఉంది. ఆమె ఎవరని నా పక్కనున్న పిల్లలు అడిగారు. చెప్పే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. మైకు ముందు నలుగురు మాట్లాడారు. ఆ నలుగురిలో యుద్ధం చూసినవారు ఒక్కరూ లేరు. మా నాన్న, ఆయనతోటి మాజీ సైనికులు మెడల్స్ పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు. వాళ్లనూ ఎవరూ మాట్లాడమని అడగలేదు.

7. కార్యక్రమం అయ్యాక కాగితం జెండాలు రోడ్డు మీద, కాలువలో పడి ఉన్నాయి. కాగితం జెండాలను నేల మీద పారేయకూడదని, గౌరవంగా తొలగించాలని 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌లో ఉంది. మా టీచరమ్మ, నేను, కొందరు పిల్లలు కలిసి దొరికినంతవరకు ఏరాం.

తర్వాత ఒక ఆదివారం జరిగినది కూడా మీకు చెప్పాలి, ఎందుకంటే మా డిమాండ్లన్నీ అక్కడి నుంచే వచ్చాయి. మా వాడు తుపాకుల సంగతి వదలకుండా అడుగుతుంటే మా నాన్న వాడినీ, వీధిలో ఇంకో నలుగురు పిల్లల్నీ వెంటబెట్టుకుని మళ్లీ అదే స్తూపం దగ్గరికి తీసుకెళ్లారు. గేటుకు తాళం వేసి ఉంది. పక్కనున్న వాటర్ ట్యాంకు వాచ్‌మన్ దగ్గర తాళంచెవి ఉంటుందని టీ బండి అతను చెబితే అడిగి తీయించారు. లోపల గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది, జూలై 26న పెట్టిన పూలగుత్తులు కుళ్లి అక్కడే ఉన్నాయి.

రాతి మీద పేర్లు ఇంగ్లిషులో చెక్కారు, సగం అక్షరాల్లో రంగు పోయింది. మూడో తరగతి పిల్లలు వాటిని చదవలేరు. అందుకని మా నాన్నే వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివారు, పేరు పక్కన ఊరు కూడా. మూడో పేరు దగ్గరికి రాగానే ఒక పిల్ల "అది మా అమ్మమ్మగారి ఊరు!" అని అరిచింది. ఆ తర్వాత ప్రతి పేరుకూ పిల్లలు ముందే అడగడం మొదలుపెట్టారు, ఏ ఊరు తాతా, ఏ ఊరు అని. ఒక పేరు దగ్గర మా నాన్న ఆగిపోయారు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ చేశారట. 1999లో ద్రాస్ వెళ్లిన ఆ స్నేహితుడు తిరిగి రాలేదు. "బాగా పాడేవాడు, మెస్సులో మా అందరికీ వాడే రేడియో" అని చెప్పారు పిల్లలకు. ఆ సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు.

తుపాకులు తిరగేయడాన్ని శోక్ శస్త్ర్ అంటారని, పోయినవాళ్లకు ఆయుధం కూడా తలవంచడం అని వివరించారు. బ్యూగిల్ మీద ఊదేది లాస్ట్ పోస్ట్ అని, క్యాంపుల్లో ఆ రోజుకు పని ముగిసిందని చెప్పడానికి పుట్టిన బాణీ అని, సైనికుడి అంత్యక్రియల్లో ఊదితే నీ డ్యూటీ అయిపోయింది, ఇక విశ్రాంతి తీసుకో అని అర్థమని చెప్పారు. తర్వాత పిల్లల్ని రెండు నిమిషాలు నిలబడమన్నారు. ఐదుగురిలో ఒక్కరూ కదల్లేదు. నినాదాలూ జెండాలూ ఏమీ లేకుండానే వాళ్లకు అంతా అర్థమైంది.

ఇలా చేయడానికి బడ్జెట్ అక్కర్లేదు. కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. నివాళి కార్యక్రమాలకు బడి పిల్లల్ని సంఖ్య లెక్కన పిలవడం ఆపాలి. "బడికి నలభై మంది" అనే మాట ఇక ఏ మెసేజ్‌లోనూ ఉండకూడదు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు, ఒక్కో ఏడాది రెండు మూడు బడుల నుంచి మాత్రమే, వంతులవారీగా రావాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు బడిలోనే కథ చెబితే చాలు. మూడో తరగతి సంగతి టీచర్ల నిర్ణయానికి వదిలేయండి.

2. కనీసం రెండు వారాల ముందు రాతపూర్వకమైన ఉత్తర్వు రావాలి. వాహనం, నీళ్లు, బాత్రూమ్, నీడ, ప్రథమ చికిత్స, భోజనం ఎవరు చూస్తారో అందులో పేరు, హోదాతో ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం తీసుకోవాలి. ప్రతి పది మంది పిల్లలకూ ఒక పెద్దవాళ్లు ఉండాలి. టీచర్లు చాలకపోతే మా కమిటీ తల్లులం వస్తాం, కూలి వదులుకునైనా వస్తాం.

3. పిల్లలు మొదటి వరసలో, నేల మీద పట్టాలేసుకుని కూర్చోవాలి. వచ్చిన అరగంటలోపు కార్యక్రమం మొదలుకావాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆ పూలగుత్తిని ఒక వీరనారి చేతుల మీదుగా పెట్టించి మొదలుపెట్టండి. అమరవీరులకు నివాళి అర్పించడానికి ఆమెకున్న అర్హత ఎవరికుంది?

4. వెళ్లేముందు బడిలో ఒక తరగతి, వచ్చాక ఒక తరగతి జరగాలి. శోక్ శస్త్ర్ అంటే ఏమిటో, లాస్ట్ పోస్ట్ ఎందుకు ఊదుతారో, చప్పట్లు ఎప్పుడు కొట్టకూడదో ముందే చెప్పాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దగ్గర మాజీ సైనికుల వివరాలు మండలాలవారీగా ఉంటాయి. ప్రతి బడికి దగ్గర్లో ఉన్న ఒకరిద్దరిని పంపితే వాళ్లే వచ్చి చెబుతారు. మా నాన్నా, ఆయన స్నేహితులూ పైసా అడగరు. వాళ్లకు కావాల్సింది అడిగేవాళ్లే.

ఆ తరగతిలో మన జిల్లాల్లోని సంగతులు రావాలని నా కోరిక. లద్దాఖ్‌లోని గల్వాన్‌లో 2020 జూన్ 15న చైనా సైనికులతో ఘర్షణలో మరణించిన 20 మంది మనవాళ్లలో ఒకరైన కర్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట, కానీ ఆయన చదువుకున్నది మన విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో. అది తెలిస్తే మా పిల్లలు ఆయన్ను ఎక్కడివాడో అనుకోరు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిన రోజది. ఇవి పాఠంగా చెబితే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు.

5. పెద్ద విహారయాత్ర చేయాలనుకుంటే ఉత్సవం లేని మామూలు రోజున విశాఖ తీసుకెళ్లండి. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. దగ్గర్లోనే కురుసుర జలాంతర్గామి ఉంది. ఆ యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియం అయింది. లోపలికి వెళ్లి ఆ ఇరుకులో మనుషులు వారాల తరబడి ఎలా బతికారో చూడొచ్చు. డిసెంబర్ 4 నేవీ డే నాడు అక్కడ జరిగేది పెద్దవాళ్ల కార్యక్రమం, రద్దీ ఎక్కువ. పిల్లలకు మర్నాడో, తర్వాత వారమో మేలు.

అక్కడ ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన విక్రాంత్ నౌక కోసం వెతుక్కుంటూ వచ్చింది. అందులోని తొంభై మందికి పైగా నావికులు చనిపోయారు. వాళ్లకూ ఇళ్ల దగ్గర పిల్లలున్నారు. శత్రువు గెలిచి ఉంటే మనకేమయ్యేదో చెప్పండి, మనవాళ్ల ధైర్యం చెప్పండి, ఇదీ చెప్పండి. యుద్ధం చేసిన మా నాన్న శత్రువు గురించి ఒక్కసారి కూడా తక్కువ మాట మాట్లాడగా నేను వినలేదు. పిల్లలకు యుద్ధం సంగతులు వద్దని మా కమిటీలోనే ఇద్దరు తల్లులు అన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. చంపడం గొప్ప అని నేర్పుతారేమోనని వాళ్ల బెంగ. ఇలా చెబితే ఆ బెంగ ఉండదని నా నమ్మకం.

6. స్తూపం ఉన్న పార్కు తాళం తీసి ఉంచాలి. గడ్డి కోయించాలి. రాతి మీద పేర్లు, ఊళ్లు తెలుగులో కూడా రాయించాలి. ఇందులో ఏ ఒక్కటీ అడిగి చేయించుకోవాల్సిన పని కాదు, అయినా అడుగుతున్నాం.

7. డిసెంబర్ 7న సాయుధ దళాల జెండా దినం 1949 నుంచి జరుగుతోంది. బడుల్లో పిల్లల దగ్గర ఆ నిధికి ఐదో పదో తీసుకుంటారు. ఆ డబ్బు అమర జవాన్ల భార్యలకు, పిల్లలకు, గాయపడి ఇంటికొచ్చిన జవాన్లకు వెళ్తుందని తీసుకునేటప్పుడే చెప్పాలి. స్టిక్కరు ఇచ్చి ఊరుకోవద్దు.

8. ఆ నాలుగో తరగతి పిల్లాడి ఇంటికి సంబంధిత అధికారి ఎవరైనా ఒకరు వెళ్లాలి. నాలుగు ముక్కలు మాట్లాడాలి. వాళ్ల నాన్న తాపీ పని చేస్తారు, పగలు ఇంట్లో ఉండరు, సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. ఇల్లు ఎక్కడో మా మాష్టారు చూపిస్తారు.

జూన్‌లో బడులు తెరిచేలోగా మొదటి నాలుగు అంశాల మీద ఉత్తర్వు రావాలని కోరుతున్నాం. "పరిష్కారమైంది" అనే మెసేజ్ వద్దు. ఏది చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు, అంశాలవారీగా రాతపూర్వకంగా జవాబివ్వండి. మిగతా మండలాల్లో ఇదే పరిస్థితి చూసిన తల్లిదండ్రులు, టీచర్లు తమ తమ కమిటీల్లో తీర్మానం చేసి కలెక్టరేట్‌కు పంపాలని విన్నవించుకుంటున్నాను. టీచర్లకు పేరుతో రాయడం ఇబ్బందైతే తల్లులు రాయండి.

వచ్చే జూలై 26కు మా బడి నుంచి ఎవరిని పంపాలో మా కమిటీ ఇప్పటికే అనుకుంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పందొమ్మిది మంది, ఇద్దరు తల్లులు, ఒక టీచరు. రెండో టీచరు మిగతా పిల్లలతో బడిలో ఉంటారు. ముందు వారం మా నాన్న వచ్చి పాఠం చెబుతారు. మీ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
ఒక మూడో తరగతి పిల్లాడి తల్లి, తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు, మాజీ హవల్దారు కూతురు